యూనిట్ – 7: ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడి ఇల్లు – పీటర్ మేల్ రచనపై విమర్శ

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రవేశిక
7.2 రచయిత, రచన
7.3 నిర్మాణం: పన్నెండు నెలల ఎదురుచూపు
7.4 పాత్రచిత్రణ: ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు?
7.5 అదే నేల మీద మరో పుస్తకం
7.6 గుండ్లపోచంపల్లి నుంచి చదివితే
7.7 మూల్యాంకనం
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబు సూచనలు
7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• పరాయి ఊళ్లో ఇల్లు బాగుచేసుకుని స్థిరపడటాన్ని వస్తువుగా తీసుకున్న రచన ఎలా నడుస్తుందో వివరించగలుగుతారు.
• కథకుడి స్థానం రచనలోని హాస్యాన్ని ఎలా నిర్ణయిస్తుందో గుర్తించగలుగుతారు.
• ఒకే ప్రాంతం మీద వచ్చిన రెండు పుస్తకాలను పోల్చి తీర్పు చెప్పగలుగుతారు.
• మీ ఊళ్లో జరుగుతున్న మార్పును ఒక రచనను పరీక్షించే గీటురాయిగా వాడగలుగుతారు.

7.1 ప్రవేశిక

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అనే సామెత మీరు వినే ఉంటారు. ఈ సామెతలో బరువంతా 'చూడు' అనే మాట మీదే ఉంది. బయటినుంచి చూస్తే తేలికగా కనిపించే పని, చేతుల్లోకి తీసుకుంటే ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుందని దాని భావం. ఈ మాట అనేది ఎప్పుడూ ఇల్లు కట్టించుకున్నవారే అన్న సంగతి కూడా గమనించండి. గోడ కట్టిన మేస్త్రీ, ఇసుక మోసిన కూలి ఈ సామెత వాడగా సాధారణంగా వినం. వాళ్లకు ఇల్లు కట్టడం రోజూ చేసే పని. 'కట్టి చూడటం' వాళ్లకు కొత్త కాదు.

ఇప్పుడు మనం చదవబోయే పుస్తకం ఈ సామెతలోని మొదటి సగానికి పెద్ద వ్యాఖ్యానం లాంటిది. అది ఇంగ్లీషు పుస్తకం, అందులోని ఊరు ఫ్రాన్సులో ఉంది. తెలుగు విద్యార్థులకు ఇదెందుకని మీరు అడగవచ్చు. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, గుండ్లపోచంపల్లి, శామీర్‌పేట వంటి చోట్ల ఉండేవారికి జవాబు ఇంటి ముందే కనిపిస్తుంది. నిన్నటిదాకా చేనుగా ఉన్న నేల ఇవాళ ప్లాటు అయింది. బయటినుంచి వచ్చినవారు ఇళ్లు కట్టుకుంటున్నారు. ఈ మార్పును రేపు ఎవరో ఒకరు రాస్తారు. ఆ రాసేవారు ఎవరు, ఎక్కడ నిలబడి రాస్తారు అనే ప్రశ్నకు ఈ పుస్తకం మనల్ని సిద్ధం చేస్తుంది.

7.2 రచయిత, రచన

పీటర్ మేల్ (1939–2018) ఇంగ్లండులో పుట్టారు. లండన్, న్యూయార్క్ నగరాల్లో ప్రకటనల రంగంలో చాలా ఏళ్లు పనిచేశారు. తరవాత భార్యతో కలిసి దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవాన్స్ ప్రాంతానికి వెళ్లి, లూబెరాన్ కొండల కింద మెనెర్బ్, బొన్యూ గ్రామాల మధ్య రెండు వందల ఏళ్ల నాటి ఒక రాతి ఇల్లు కొన్నారు. అది రైతు ఇల్లు. చుట్టూ ద్రాక్షతోట ఉంది. ఆ ఇంట్లో గడిపిన మొదటి ఏడాదే 'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్' పుస్తకానికి వస్తువు. ఇది 1989లో వెలువడింది.

మేల్ అక్కడికి నవల రాద్దామని వెళ్లారు. ఇంటి మరమ్మతులు, పనివాళ్ల రాకపోకలు నవలను సాగనివ్వలేదు. చివరికి ఆ ఆటంకాలే పుస్తకమయ్యాయి. మొదట కొద్ది ప్రతులే అచ్చువేసినా, చదివినవారు ఇంకొకరికి చెప్పడంతో లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 1993లో బీబీసీ దీన్ని టెలివిజన్ ధారావాహికగా తీసింది. ఇటలీలో పాత ఇల్లు కొని బాగుచేసుకున్న అమెరికా రచయిత్రి ఫ్రాన్సిస్ మేయ్స్ రాసిన 'అండర్ ది టస్కన్ సన్' (1996) వంటివి ఆ తరవాత వచ్చి, 'పరాయి ఊళ్లో పాత ఇల్లు' అనేది ఒక రచనా ప్రక్రియ స్థాయికి చేరింది.

ఈ ప్రక్రియకూ యాత్రాచరిత్రకూ తేడా ఉంది. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లివచ్చి 'కాశీయాత్ర చరిత్ర' రాశారు. యాత్రికుడు ఒక ఊరిని చూసి, మజిలీ చేసి, ముందుకు సాగుతాడు. ఊరికీ అతనికీ మధ్య అప్పు ఉండదు. ఇల్లు కొన్నవాడు అలా కాదు. అతను పొరుగువాడితో నీటి సంగతి, గట్టు సంగతి మాట్లాడాలి. మేస్త్రీకి డబ్బివ్వాలి. ఊరు అతనికి చూసే వస్తువుగా మిగలదు, అతనూ ఊరికి చూసే వస్తువు అవుతాడు. ఈ రెండో భాగాన్ని రచయిత ఎంతవరకు పట్టుకున్నాడన్నదే ఈ ప్రక్రియకు అసలు పరీక్ష.

7.3 నిర్మాణం: పన్నెండు నెలల ఎదురుచూపు

పుస్తకంలో పన్నెండు అధ్యాయాలున్నాయి. జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకొకటి. కొత్త సంవత్సరం మొదటిరోజు భోజనంతో మొదలై క్రిస్మస్‌తో ముగుస్తుంది. చూడటానికి ఇది దినచర్యలాగా సాదాగా ఉంటుంది. జాగ్రత్తగా చదివితే ఇందులో రెండు కాలాలు పక్కపక్కన నడుస్తాయి.

మొదటిది నేల కాలం. చలి, మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి, వేసవి, ద్రాక్షకోత, ఆలివ్ నూనె ఆడించడం – ఇవన్నీ ఎవరి కోసమూ ఆగకుండా వాటి వేళకు వస్తాయి. రెండోది ఇంటి కాలం. జనవరిలో పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఫిబ్రవరిలో వంటగది గోడ కూలగొట్టడం మొదలవుతుంది. తరవాత పని ఆగుతుంది, మళ్లీ సాగుతుంది, మళ్లీ ఆగుతుంది. నేల కాలం నిక్కచ్చిగా ఉండటం, ఇంటి కాలం సాగిపోతూ ఉండటం – ఈ రెంటి మధ్య నుంచే పుస్తకంలోని హాస్యం పుడుతుంది.

పావుగంటలో వస్తానంటే ఇవాళ ఎప్పుడో అని, రేపు అంటే ఈ వారంలో ఎప్పుడో అని, పదిహేను రోజులంటే ఇక చెప్పలేమని మేల్ మెల్లగా నేర్చుకుంటారు. మాటతోపాటు చేసే చేతి సైగలను కూడా చదవడం నేర్చుకుంటారు. 'రేపొస్త సార్' అన్న మాటకు ఎన్ని అర్థాలుంటాయో తెలిసిన తెలుగు పాఠకులకు ఈ భాగం పరాయిగా అనిపించదు.

ముగింపు కూడా ఈ నిర్మాణానికి తగినట్టే ఉంది. ఏడాది చివరికీ పని పూర్తికాదు. అప్పుడు మేల్ భార్య ఒక ఉపాయం చెబుతుంది. పనివాళ్లందరినీ భార్యలతో సహా విందుకు పిలుస్తారు. తన వాటా పని ఒక్కటే సగంలో ఉండటం భార్య కళ్లబడకూడదని ప్రతివాడూ వచ్చి పని ముగిస్తాడు. వాతావరణం, డబ్బు, బతిమాలడం సాధించలేనిది పదిమందిలో పరువు సాధించింది. పల్లె సమాజం గురించి మేల్‌కు తెలిసిన లోతైన విషయం బహుశా ఇదే.

7.4 పాత్రచిత్రణ: ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు?

డబ్బున్నవాడు పల్లెకు వచ్చి పల్లెవాళ్ల గురించి హాస్యంగా రాశాడంటే మనకు అనుమానం కలగడం సహజం. కానీ విమర్శకుడు అనుమానాన్ని రచనలో పరీక్షించాలి. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది, ప్లంబర్ మెనికూచి. పగిలిన పైపు బాగుచేస్తూ, ఈ ఏడాది చలి ఎందుకింత ఎక్కువగా ఉందో, భూమి ఆకారానికీ గాలి దారికీ సంబంధమేమిటో అతను ఒక సిద్ధాంతం చెబుతాడు. సిద్ధాంతం వింతగానే ఉంటుంది. కానీ పైపు పని అతను బాగా చేస్తాడు. అతని మాటకు నవ్వుతాం, అతని పనికి నవ్వం. ఈ తేడాను రచయిత పుస్తకమంతా నిలబెట్టారు.

రెండోది, పొరుగు రైతు ఫోస్తాన్. మేల్ కొన్న నేలలోని ద్రాక్షతోటను చూసుకునేది అతనే. కొత్త మొక్కల ఖర్చు మేల్‌ది, కష్టం ఫోస్తాన్‌ది, ఫలసాయంలో ఇద్దరికీ పాలు. మన దగ్గర పాలికి చేయడం వంటిదే ఇది. ఫోస్తాన్ ఎప్పుడూ ఏదో ముప్పు రాబోతోందన్నట్టే మాట్లాడతాడు. ఆకాశం మీద ఆధారపడి బతికేవారందరి మాటతీరూ అదే కదా!

మూడోది, భాష. ప్రొవాన్స్ యాసలో మాటల చివర 'ంగ్' అని మోగుతుందని, బళ్లో నేర్చుకున్న ఫ్రెంచి తనకు అక్కరకు రాలేదని మేల్ రాస్తారు. ఇక్కడ తక్కువపడేది వినేవాడు గాని మాట్లాడేవాడు కాదు. ఇది చిన్న విషయం కాదు. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ యాసను హాస్యగాడికో ప్రతినాయకుడికో కట్టబెట్టి నవ్వించింది. అక్కడ యాస మాట్లాడేవాడు తక్కువపడ్డాడు. యాసను వాడుకోవడంలో ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న దూరాన్ని మీరు గుర్తుంచుకోండి.

మొత్తం మీద, ఈ పుస్తకంలో ఎక్కువసార్లు నవ్వులపాలయ్యేది కథకుడే. పరిహాసం తన మీదికే తిప్పుకోవడం ఈ రచన బలం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) యాత్రాచరిత్రకూ 'పరాయి ఊళ్లో ఇల్లు' రచనకూ ప్రధానమైన తేడా ఏమిటి?
(ఆ) 'నేల కాలం', 'ఇంటి కాలం' అంటే ఏమిటి?

7.5 అదే నేల మీద మరో పుస్తకం

మేల్ కంటే దాదాపు నలభై ఏళ్ల ముందు, అదే వోక్లూజ్ జిల్లాలోని రూసియోన్ గ్రామంలో లారెన్స్ వైలీ అనే అమెరికా అధ్యాపకుడు భార్యతో, ఇద్దరు కొడుకులతో ఒక ఏడాది ఉన్నాడు. అది 1950–51. ఊరి పేరును మార్చి 'పెయిరాన్' అని పిలుస్తూ ఆయన రాసిన 'విలేజ్ ఇన్ ద వోక్లూజ్' 1957లో వచ్చింది.

వైలీ అద్దెకు ఉన్నాడు, ఇల్లు కొనలేదు. అందువల్ల ఆయనకు మేస్త్రీ కోసం ఎదురుచూసే పని పడలేదు. ఆయన బడిలో కూర్చున్నాడు, కాఫీ కొట్టులో కూర్చున్నాడు, ఊరివాళ్ల కుటుంబాల గురించి, కష్టసుఖాల గురించి అడిగాడు. ఆయన పుస్తకంలో పిల్లలు బళ్లో ఎలా పెరుగుతారో, పెద్దలు డబ్బు గురించి, ప్రభుత్వం గురించి ఏమనుకుంటారో తెలుస్తుంది. అప్పటి రైతులు పండ్లచెట్లు నాటడానికి వెనకాడేవారట. మళ్లీ యుద్ధం వస్తే నాటినదంతా పోతుందని వాళ్ల భయం. పదేళ్ల తరవాత వైలీ మళ్లీ వెళ్లేసరికి చెట్లు నాటుతున్నారు. ఒక ఊరి మనసు మారిందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇప్పుడు రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టండి. మేల్ ఊళ్లో అందరూ పనిలోనో విందులోనో కనిపిస్తారు. అప్పులో, బడిలో, ఆస్తి పంపకాల్లో కనిపించేది తక్కువ. మేల్ చూడలేదని కాదు. ఆయన గడప దగ్గర నిలబడి చూస్తే కనిపించేది అంతే. ఇల్లే కేంద్రమైనప్పుడు, ఇంటికి వచ్చేవాళ్లే ఊరు అవుతారు. ఇంటికి పని లేని మనిషికి కథలో చోటు ఉండదు.

ఇంకొక సంగతి ఉంది. పుస్తకం విజయం ఆ ఊరిమీదే పడింది. పాఠకులు మేల్ ఇల్లు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. తట్టుకోలేక ఆయన ఆ ఇల్లు వదిలి కొన్నేళ్లు అమెరికాలో ఉండి, తిరిగి వచ్చాక లూర్మరాన్ అనే మరో ఊళ్లో స్థిరపడ్డారు. కొత్తగా వచ్చినవాడిని ఇంకా కొత్తగా వచ్చినవారు తరిమారన్నమాట. ఒక చోటును అందంగా రాయడం కూడా ఆ చోటును మార్చే పనే అని ఈ ఉదంతం చెబుతుంది.

7.6 గుండ్లపోచంపల్లి నుంచి చదివితే

గుండ్లపోచంపల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు వెళ్లే రైలు మార్గంలో దానికి స్టేషను ఉంది. దుస్తులు కుట్టే పరిశ్రమల కోసం ఏర్పాటుచేసిన అపారెల్ పార్కు ఉంది. కొంపల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, ఆ పైన 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు దగ్గరలోనే ఉన్నాయి. 2018లో ఈ ఊరు మునిసిపాలిటీ అయింది. ఎకరాల్లో, గుంటల్లో చెప్పుకున్న నేలను గజాల్లో చెప్పుకోవడం వచ్చింది. కొలమానం మారడమంటే నేలను చూసే చూపు మారడమే. గుంట పంట లెక్కకు పనికొస్తుంది, గజం గోడ లెక్కకు పనికొస్తుంది.

ఇక్కడ మేల్ కథకు సరిపోలేదేమిటి, సరిపోలనిదేమిటి? మేస్త్రీ కోసం ఎదురుచూపు సరిపోలుతుంది. కానీ ఇల్లు కొన్న మనిషి స్థితి వేరు. 1980ల నాటి ఆంగ్లేయుడు ఫ్రాన్సులో ద్రాక్షతోటతో సహా రైతు ఇల్లు కొనగలిగాడు. విదేశాల్లో ఉంటున్న తెలుగువారు ఇక్కడ అలా కొనలేరు. 1999 నాటి ఫెమా చట్టం కింది నియమాల ప్రకారం ప్రవాస భారతీయులు ఇల్లు, ప్లాటు, ఫ్లాటు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మామూలుగా కొనకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అందుకే మన ప్రవాసి కథలో పాత రైతు ఇల్లు ఉంటే అది ఎక్కువగా తాతదో తండ్రిదో అయి ఉంటుంది. కొత్తదైతే గేటు లోపలి విల్లా అయి ఉంటుంది.

రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. మేల్ ఇంట్లోనే ఉండి పని చూసుకున్నారు. మన ప్రవాసి ఇల్లు చాలాసార్లు అతను లేకుండానే లేస్తుంది. డబ్బు పంపేది కొడుకో కూతురో. ఎండలో నిలబడి మేస్త్రీతో మాట్లాడేది తండ్రి. వాస్తు ప్రకారం గుమ్మం ఎటు ఉండాలో, పూజగది ఎక్కడ రావాలో చెప్పేది తల్లి. రాత్రి వీడియో కాల్‌లో గోడ ఎంత లేచిందో చూపిస్తారు. పునాది నుంచి గృహప్రవేశం దాకా 'కట్టి చూసింది' ఎవరు? డబ్బిచ్చినవాడు చూశాడు, కట్టలేదు. తండ్రి కట్టించాడు, కానీ ఇల్లు తన పేరున లేదు. మేస్త్రీ కట్టాడు, కానీ ఆ ఇంట్లో ఉండడు. ఒక్క 'నేను' చెప్పలేని కథ ఇది. మేల్ నమూనాను యథాతథంగా తెచ్చుకుంటే ఈ కథ చేజారుతుంది.

ఇక ఆలస్యం సంగతి. స్లాబు వేసిన తరవాత దాని మీద మట్టితో చిన్న మడులు కట్టి రోజుల తరబడి నీళ్లు నిలుపుతారు. కాంక్రీటు గట్టిపడేదాకా కింద సెంట్రింగ్ తీయకూడదు. ఆ రోజుల్లో యజమాని వచ్చి చూస్తే పని ఆగినట్టే కనిపిస్తుంది. నిజానికి అప్పుడు జరుగుతున్నదీ పనే. మేస్త్రీ అదే సమయంలో ఇంకోచోట పునాది మొదలుపెడతాడు. ఒక్క ఇంటినే నమ్ముకుంటే ఈ ఖాళీ రోజుల్లో తన కింది కూలీలకు పని ఉండదు, పనిలేకపోతే వాళ్లు మరో మేస్త్రీ దగ్గరికి వెళ్లిపోతారు. యజమాని దృష్టిలో ఇది ఆలస్యం. మేస్త్రీ దృష్టిలో బతుకు సర్దుబాటు. మేల్ పనివాళ్లు కూడా ఒకేసారి అనేక ఇళ్ల పనులు ఒప్పుకుంటారు. ఆ సంగతి పుస్తకంలోనే ఉంది. కానీ అది యజమాని ఓపికకు పరీక్షగా వస్తుంది తప్ప పనివాడి ఇంటి లెక్కగా రాదు.

నగరం అంచుల్లో ఇళ్లు కట్టే చేతులు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. మట్టిపనికి పేరుపడ్డ పాలమూరు కూలీలు, ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలు, బీహారు నుంచి వచ్చే యువకులు వీళ్లలో ఉన్నారు. కడుతున్న ఇంటి పక్కనే రేకుల గుడిసె వేసుకుని, ఇల్లు పూర్తికాగానే గుడిసె విప్పుకుని మరో చోటికి పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లే. 'పరాయి ఊళ్లో బతుకు' అనే వస్తువు మీద వాళ్లకు మేల్ కంటే తక్కువ హక్కేమీ లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) మేల్ పుస్తకానికీ వైలీ పుస్తకానికీ దృష్టిలో ఉన్న భేదం ఏమిటి?
(ఆ) ప్రవాసి ఇంటి కథను ఒక్క 'నేను' చెప్పలేదని ఎందుకన్నాం?

7.7 మూల్యాంకనం

'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్' మంచి పుస్తకం. పనివాళ్ల నైపుణ్యాన్ని గౌరవించింది. తెలియనివాడు తానేనని కథకుడు మొదటినుంచీ ఒప్పుకున్నాడు. ఊరిని బోధించడానికి గాని ఉద్ధరించడానికి గాని పూనుకోలేదు. ఈ మూడూ మామూలు గుణాలు కావు.

దాని పరిమితి కథకుడి మనసులో కాక, అతను నిలబడ్డ చోటులో ఉంది. ఇంటి యజమానికి సమయం ఉంది, ఆదాయం ఉంది, నచ్చకపోతే అమ్మేసి వెళ్లే దారి ఉంది. అందుకే ఆలస్యం అతనికి హాస్యం కాగలిగింది. అప్పు తెచ్చి ఇల్లు మొదలుపెట్టి, అద్దె ఇంట్లో ఉంటూ, స్లాబు కోసం చిట్టీ పాడుకునే మనిషికి అదే ఆలస్యం హాస్యం కాదు. ఆలస్యాన్ని చూసి నవ్వగలగడం కూడా ఒక ఆస్తే.

ఇలాంటి రచన ఏది చదివినా మీరు ఒక సులభమైన పరీక్ష పెట్టవచ్చు. ఏదైనా ఒక సన్నివేశాన్ని తీసుకుని, అందులో ఉన్న మరో మనిషి నోట చెప్పించి చూడండి. క్రిస్మస్ విందునే తీసుకోండి. మేల్‌కు అది భార్య తెలివి గెలిచిన రాత్రి. పనివాడి భార్యకు? తన భర్త నెలల తరబడి పనిచేసిన పెద్ద ఇంటిని ఆమె అతిథిగా చూడగలిగిన రాత్రి అది. ఆ గోడ మీద ఎవరి చెయ్యి పడిందో అక్కడున్నవారిలో ఆమెకూ తెలుసు. ఆమె చూపు పుస్తకంలో లేదు. ఆ చూపు లేదని గుర్తించడం తప్పు పట్టడం కాదు. ఇంకా రాయవలసిన పుస్తకం ఒకటి ఉందని చూపించడం.

మీలో కొందరు పగలు అపారెల్ పార్కులో కుట్టుపని చేసి రాత్రి ఈ పాఠం చదువుతుండవచ్చు. కొందరి ఇంట్లో మేస్త్రీ ఉండవచ్చు, పొలం అమ్మిన తండ్రి ఉండవచ్చు, విల్లాలో వంటపనికి వెళ్లే తల్లి ఉండవచ్చు. ఆ ఇళ్ల గురించి యజమానికి తెలియనిది మీకు తెలుసు. మేల్ దగ్గర నేర్చుకోవలసింది నెలల వారీ క్రమం, పనిని దగ్గరగా చూడటం, తనమీద తాను నవ్వుకోగలగడం. నిలబడే చోటు మాత్రం మీదే కావాలి.

7.8 సారాంశం

పీటర్ మేల్ 'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్' (1989) పరాయి ఊళ్లో పాత ఇల్లు బాగుచేసుకున్న ఏడాది కథ. ఆగని నేల కాలం, సాగని ఇంటి కాలం మధ్య దాని హాస్యం పుట్టింది. కథకుడు పనివాళ్ల నైపుణ్యాన్ని గౌరవించి, పరిహాసాన్ని తనమీదికి తిప్పుకున్నాడు. అయితే ఇల్లే కేంద్రం కావడంతో ఇంటికి సంబంధం లేని ఊరి జీవితం తగ్గిపోయింది. లారెన్స్ వైలీ పుస్తకం (1957) ఆ లోటును చూపిస్తుంది. గుండ్లపోచంపల్లి వంటి చోట ప్రవాసి, తల్లిదండ్రులు, మేస్త్రీ, వలస కూలీ కలిసి నడిపే కథకు ఒక్క యజమాని గొంతు చాలదు.

7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబు సూచనలు

1. (అ) యాత్రికుడు చూసి సాగిపోతాడు. ఇల్లు కొన్నవాడికి ఊరితో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి, ఊరు కూడా అతన్ని చూస్తుంది. (ఆ) ఋతువులు, పంటల వరసే నేల కాలం. మరమ్మతు పని ఆగుతూ సాగడమే ఇంటి కాలం.

2. (అ) మేల్ ఇంటి గడప నుంచి చూశాడు, వైలీ బడి, కాఫీ కొట్టు, కుటుంబాల నుంచి చూశాడు. (ఆ) డబ్బు ఒకరిది, పర్యవేక్షణ ఇంకొకరిది, కట్టిన చెయ్యి మరొకరిది. అనుభవం ముగ్గురి మధ్య పంచబడింది.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 'ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్' నిర్మాణాన్ని, పాత్రచిత్రణను విశ్లేషించండి.
2. 'ఆలస్యాన్ని చూసి నవ్వగలగడం కూడా ఒక ఆస్తే' – ఈ అభిప్రాయాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. యాసను రచనలో వాడే రెండు పద్ధతులను వివరించండి.
2. మేల్, వైలీ రచనలను పోల్చండి.

III. అభ్యాసం
మీ వీధిలో కడుతున్న లేదా బాగుచేస్తున్న ఒక ఇంటిని వారం రోజులు గమనించండి. ఒకే రోజు పనిని ముందు యజమాని మాటల్లో, తరవాత మేస్త్రీ మాటల్లో, ఒక్కొక్కటి పేజీకి మించకుండా రాయండి. రెంటిలో మారిన క్రియాపదాలను గుర్తించి, ఎందుకు మారాయో నాలుగు వాక్యాల్లో చెప్పండి.